ఇసుకను ఆపువా రెవరు?

ఇటీవల రాయదుర్గము ప్రాంతమునుండి మాకు పరిచితుడగు రైతొకడు కుమార్తె వివాహమునకు వస్త్రములు కొనుటకై సౌకార్‌పేటకు వచ్చెను. టంకసాల వీధిలో బేరములు ముగించుకొని మా యింట విశ్రమించిన వేళ, నవ్వుచునే యొక ప్రశ్న వేసెను: "అయ్యా, పక్క చేనాయన గట్టు జరిపితే కోర్టుకు పోతాము. ఏటి ఇసుక గాలికి లేసి వచ్చి నా చేను మీద పడతాండాది. దాని మీద దావా వేసేకి మీ చట్టంలో దోవ ఉందా?" గాలికి సమన్లు అందజేయు బంట్రోతు ఇంకను పుట్టలేదని బదులు చెప్పితిమి. ఆయన నవ్వి రైలెక్కెను. కాని ఆ సమాధానము చాలదని మా మనస్సు నాటినుండి చెప్పుచునే యున్నది.

అనంతపురము జిల్లాలో కణేకల్లు, బొమ్మనహాళ్ మండలముల నెరిగినవారికి ఈ ప్రశ్న పరిహాసముగా తోచదు. ఆ ప్రాంతమున వేదవతీ నది, జనులు హగరి యని పిలుచునది, ప్రవహించుచున్నది. ఎగువన ఆనకట్టలు వెలసిన యీ నదిలో సంవత్సరమున అధికభాగము నీటికంటె నిసుకయే కానవచ్చును. జిల్లా సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరృతి ఋతుపవనము పడమటి కనుమలలోనే తన నీటిని కురిపించి, ఇచ్చటికి వట్టి గాలిగా వచ్చును. జూన్ మొదలు ఆగస్టు వరకు ఆ గాలి ఏటి యిసుకను లేపి చేలపై పోయగా, దర్గా హొన్నూరు వంటి గ్రామముల చెంత ఇసుక దిబ్బలే వెలసినవి. గాలి ఉద్ధృతముగా వీచు ఆ దినములలోనే వేరుసెనగకై దున్నిన నేల కప్పు లేక బట్టబయలుగా నుండును. పంట చేతికి వచ్చునపుడు మొక్క వేళ్లతో సహా పెరికివేయబడుటచే మట్టిని పట్టియుంచునది మరేమియు మిగులదు.

ఇది యొక జిల్లా బాధ మాత్రమే కాదు. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ ప్రకటించిన పటముల ప్రకారము 2018-19 నాటికి దేశమున 9 కోట్ల 78 లక్షల హెక్టార్ల భూమి, అనగా దేశవిస్తీర్ణమున దాదాపు పదింట మూడు వంతులు, క్షీణదశలో నున్నది.

దీనికి ప్రతిక్రియగా వృక్షపంక్తులు పెంచుట క్రొత్త యోచన గాదు. అమెరికాలో ధూళితుపానులు చెలరేగినపుడు 1934లో రూజ్‌వెల్టు ప్రభుత్వ మారంభించిన ప్రణాళిక క్రింద 1942 నాటికి 22 కోట్ల మొక్కలు నాటబడెను. చైనా 1978లో తన ఉత్తర ప్రాంతములయందు ఇట్టి కార్యమునే పూనినది. గాలికి అడ్డముగా వరుసలు దీర్చి నాటినచో, చెట్ల ఎత్తునకు పది యిరువది రెట్ల దూరమువరకు గాలి వేగము తగ్గును. అయితే ఆ వరుస రాతిగోడవలె గాలిని పూర్తిగా నడ్డగింపరాదు. కొంత గాలిని తనగుండా పోనిచ్చిన పంక్తియే చక్కగా కాపాడును. లేనిచో గాలి పైనుండి దూకి, సుడులు తిరిగి, ఆవలి నేలను మరింత పాడుచేయును.

కాని నాటుట వేరు, బ్రతికించుట వేరు. 2007లో ఆఫ్రికా సమాఖ్య సహారా ఎడారి దక్షిణపు టంచున 8,000 కిలోమీటర్ల హరిత కుడ్యమును సంకల్పించినది. 2030 నాటికి 10 కోట్ల హెక్టార్లు బాగుపరుప నెంచగా, 2020లో వెలువడిన సమీక్ష నిర్ణీత మండలమున 40 లక్షల హెక్టార్లు మాత్రమే బాగుపడినట్లు చూపెను. అదే ఖండమున నైజర్ దేశపు రైతులు ఏ కుడ్యమును కట్టకయే, నేలలో సజీవముగా మిగిలిన పాత మొదళ్లనుండి వచ్చు చిగుళ్లను నరుకక కాపాడి, సుమారు 50 లక్షల హెక్టార్లను పచ్చబరచిరి.

ఈ భేదమునకు హేతువేమి? ఇచ్చటనే న్యాయవాదికి పని గలదు. వలసపాలకుల అడవి చట్టము ననుసరించి నైజరులో రైతు చేనిలోని చెట్టుసైతము ప్రభుత్వపు సొత్తు. తనది గాని చెట్టు నెవడు కాపాడును? ఆ కట్టుబాటు సడలి, "ఈ చెట్టు నాది" యన్న నమ్మకము కుదిరిన తరువాతనే చిగుళ్లు మ్రాకులైనవి.

మన సంగతి చూతము. 2002 నాటి జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టము చెట్టు కొట్టుటకు అనుమతి పొందవలెనని విధించినది. ఉద్దేశము మంచిదే. కాని చేనిలో మొక్క కనబడగానే రేపటి దరఖాస్తు జ్ఞప్తికి వచ్చు రైతు దానిని మొలకలోనే పెరికివేయుట సులభమనుకొనడా? మరియు గ్రామపు పోరంబోకులు, పశువుల మేతబీళ్లు ఆక్రమణల పాలగుచున్నవి. వానిని ఖాళీచేయించి గ్రామమునకు మరల నప్పగించు పథకములు రచింపవలెనని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ వ్యాజ్యములో సుప్రీం కోర్టు రాష్ట్రముల నన్నిటి నాదేశించినది. ఆ తీర్పు ఏటి యొడ్డున నాటబోవు ప్రతి మొక్కకును ఆధారపత్రము వంటిది.

ఏ మొక్క యను ప్రశ్నయు నున్నది. త్వరగా పెరుగునని తెచ్చిన సర్కారు తుమ్మ బీళ్లను, చెరువులను కబళించి, 2017లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనము దానిని తొలగింపుమని యుత్తరువు చేయువరకు వచ్చినది. కసవు, తంగేడు, రేగు వంటివి ముందుగా ఇసుకను కట్టివేయవలెను. వాని వెనుక వేప, కానుగ లేవవలెను. సీమ రైతునకు ఇది మనము నేర్పవలసిన విద్య గాదు.

ఆ రైతునకు మేమిప్పుడు వేరు సమాధానము వ్రాయుచున్నాము. ఇసుకపై దావా లేదు. కాని మీ యేటి గట్టు బంజరెంతయో, అది యెవరి యధీనమున నున్నదో రెవెన్యూ దస్తావేజులు చూచి తెలిసికొనుడు. గ్రామసభలో తీర్మానము చేసి, నాటిన చెట్టు ఫలము, కలప నాటినవారికే చెందునట్లు వ్రాతమూలకముగా కోరుడు. ఆ కాగితము సిద్ధపరచుటకు మేము రుసుము గ్రహింపము. పెండ్లికి వచ్చునపుడు గట్టుపై మొదటి వరుస చూపింపుడు, చాలును.