సడలించేది ఒకటి, కుదించేది ఇంకొకటి

ప్రోస్టేట్ గ్రంథి పెరిగిందని డాక్టరు టామ్సులోసిన్ రాస్తారు. వారం తిరక్కుండానే మూత్రధార బాగుపడుతుంది. గ్రంథి తగ్గిపోయిందని సంబరపడేవాళ్లే ఎక్కువ. నిజానికి అది ఎంత ఉందో అంతే ఉంది. ప్రోస్టేట్‌లో స్రావాలు తయారుచేసే కణాలతో పాటు కండర కణాలూ దండిగా ఉంటాయి. అవి బిగుసుకుంటే మధ్యలోంచి వెళ్లే మూత్రనాళం ఇరుకవుతుంది. ఆ బిగింపు వెనక ఆల్ఫా గ్రాహకాలు ఉన్నాయని 1970లలో జెరూసలేంలో మార్కో కేన్ బృందం చూపించింది. టామ్సులోసిన్ వాటికి అడ్డుపడి కండరాన్ని వదులు చేస్తుంది. దాని పని అంతవరకే.

*

అలాంటి గ్రాహకాలే కంట్లోనూ ఉన్నాయి. ఈ మాత్ర వాడుతున్నవాళ్లకు శుక్లాల ఆపరేషన్ చేస్తుంటే కంటిపాప మధ్యలో ముడుచుకుపోవడం, దాని చుట్టూ ఉన్న ఐరిస్ పొర రెపరెపలాడడం గమనించి 2005లో చాంగ్, క్యాంప్‌బెల్ అనే అమెరికా కంటి వైద్యులు ప్రకటించారు. ఆపరేషన్‌కి నాలుగు రోజుల ముందు మాత్ర మానేస్తే సరిపోతుందనుకోవడానికి లేదు. కంటి డాక్టరుకు ముందే చెప్పాలి. బీపీ, షుగర్ మాత్రల గురించి చెప్పి దీన్ని మరిచిపోయే పెద్దమనుషులు తక్కువేమీ కాదు!

*

గ్రంథిని కుదించే రెండో మందు ఫినాస్టెరైడ్. దాని కథ డొమినికన్ రిపబ్లిక్‌లోని సాలినాస్ అనే పల్లెకు పోతుంది. పుట్టినప్పుడు ఆడపిల్లల్లా కనిపించి, యుక్తవయసులో మగవాళ్లుగా తేలిన పిల్లలు అక్కడ ఉన్నారు. టెస్టోస్టెరాన్‌ను మరింత బలమైన డీహెచ్‌టీగా మార్చే ఎంజైము వాళ్లలో లోపించిందని జూలియాన్ ఇంపెరాటో-మెగిన్లీ బృందం 1974లో తేల్చింది. వాళ్ల ప్రోస్టేట్ ఎన్నేళ్లొచ్చినా చిన్నదిగానే ఉండిపోయింది. ఆ ఎంజైమునే మందుతో అడ్డుకుంటే? మెర్క్ కంపెనీ ఆ దారిలో వెళ్లింది. 1992లో ఫినాస్టెరైడ్‌కు అమెరికాలో అనుమతి దొరికింది.

*

ఈ మందు కణజాలాన్నే మార్చేస్తుంది. ప్రోస్టేట్ లోపల డీహెచ్‌టీ సుమారు 80 శాతం పడిపోతుంది. మారకుండా మిగిలిన టెస్టోస్టెరాన్ మాత్రం అక్కడే పది రెట్ల దాకా పోగవుతుంది. అయినా డీహెచ్‌టీ లేని లోటు అది పూడ్చలేదు. స్రావాలు తయారుచేసే కణాలు కృశిస్తాయి, కొన్ని చనిపోతాయి. ఇదంతా నెమ్మదిగా నడిచే వ్యవహారం. గ్రంథి సుమారు ఐదో వంతు తగ్గేసరికి ఆరు నెలలు, ఏడాది పడుతుంది. నెల రోజులు మింగి పనిచేయలేదని మానేయడం దండగ. గుణం కనిపించింది కదా అని మానేసినా అంతే. మూడు నెలల్లో గ్రంథి దాదాపు పాత పరిమాణానికి వచ్చేస్తుంది.

చిన్న గ్రంథికి దీనివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. బాగా పెరిగిన గ్రంథికే దీని ఫలితం. రెండు మందులూ కలిపి ఇస్తున్నారంటే కారణం ఇదే. ఒకటి వెంటనే ఊరటనిస్తుంది, రెండోది తీరిగ్గా కుదిస్తుంది.

*

పెరిగిన ప్రోస్టేట్ వల్ల కొందరికి మూత్రంలో రక్తం పడుతుంది. అలాంటప్పుడూ ఫినాస్టెరైడ్ ఇస్తారు. గ్రంథిలో కొత్త రక్తనాళాలను పుట్టించే సంకేతాలు దీనివల్ల తగ్గుతాయి.

*

కణాలు కృశిస్తే అవి తయారుచేసే పీఎస్ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానంతో రక్తంలో కొలిచే ప్రోటీన్) కూడా పడిపోతుంది. ఆరు నెలలు వాడాక ఇంచుమించు సగమవుతుంది. కాబట్టి రిపోర్టులో 2 అని వస్తే 4 కింద లెక్క వేసుకోవాలి. మాత్ర సంగతి తెలియని డాక్టరు ఆ 2 చూసి నిశ్చింతగా పంపించే ప్రమాదముంది. టామ్సులోసిన్‌తో ఈ చిక్కు లేదు.

*

అమెరికాలో 18 వేలమందికి పైగా మగవాళ్లపై జరిగి, 2003లో ఫలితాలు వెలువడిన అధ్యయనంలో ఫినాస్టెరైడ్ వాడినవారికి ప్రోస్టేట్ క్యాన్సర్ దాదాపు పాతిక శాతం తక్కువగా కనిపించింది. కానీ తీవ్రమైన రకం మాత్రం కాస్త ఎక్కువ కనిపించి కలవరం పుట్టించింది. గ్రంథి చిన్నదైనప్పుడు బయాప్సీ సూదికి క్యాన్సర్ చిక్కే అవకాశం పెరగడమే ఇందుకు చాలావరకు కారణమని తర్వాత వాదించారు. 2013లో వచ్చిన దీర్ఘకాల ఫలితాల్లో మందు వాడినవారికీ వాడనివారికీ ఆయుష్షులో చెప్పుకోదగ్గ తేడా లేదు.

*

తండ్రి ప్రోస్టేట్‌కు 5 మిల్లీగ్రాములు, కొడుకు బట్టతలకు 1 మిల్లీగ్రాము. ఇద్దరిదీ ఒకే ఫినాస్టెరైడ్. కొడుకు పీఎస్ఏ కూడా తగ్గుతుంది. ఇంట్లో గర్భవతి ఉంటే విరిగిన మాత్రను ఆమె ముట్టుకోకూడదు, కడుపులోని మగబిడ్డ అవయవాలు రూపుదిద్దుకోవాలంటే డీహెచ్‌టీ కావాలి. ఆ భయంతోనే అమెరికాలో ఈ మందు వాడేవాళ్లు రక్తదానం చేయాలంటే మానేశాక నెల రోజులు ఆగాలి. దీని తోబుట్టువు డ్యూటాస్టెరైడ్ ఒంట్లోంచి పోవడానికి మరీ ఆలస్యం చేస్తుంది గనక, దానికి ఆరు నెలలు.