కెరటాల లెక్క తెలిస్తేనే తీరానికి రక్ష
ఉప్పాడ కోతపై నిర్ణయాలకు దశాబ్దాల సమాచారమే ఆధారం

పిఠాపురం: పిఠాపురం నియోజకవర్గ పరిధిలోని ఉప్పాడ తీరాన్ని కడలి కోత వదలడం లేదు. తుపాను వచ్చిన ప్రతిసారీ ఇళ్లు, కాకినాడ బీచ్‌రోడ్డు దెబ్బతినడం, రాళ్లు వేయడం, అవి మళ్లీ కొట్టుకుపోవడం పరిపాటిగా మారింది. రక్షణగా నిర్మించిన జియోట్యూబ్ గోడ సైతం అలల ధాటికి నిలవలేదు. ఎక్కడ, ఎంత ఎత్తున, ఏ తరహా కట్టడం నిర్మించాలో తేల్చడానికి ఒక్క తుపాను అనుభవం చాలదు. ఏళ్ల తరబడి తీసిన కొలతలు కావాలి. వాటిని సేకరించి, సరిచూసి, భద్రపరచి, శాస్త్రవేత్తలకు, ప్రభుత్వాలకు అందించేవే పర్యావరణ సమాచార కేంద్రాలు.

హైదరాబాద్‌లో సాగర చిట్టా

సముద్రం లేని హైదరాబాద్‌లోనే దేశ సాగర సమాచారం నిక్షిప్తమై ఉంది. 1999లో ఏర్పాటైన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం (ఇన్‌కాయిస్) కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ పరిధిలో పనిచేస్తోంది. ఉపగ్రహాలు, సముద్రంలోని బోయలు, తీరంలో నీటిమట్టాన్ని కొలిచే పరికరాల నుంచి సమాచారం ఇక్కడికి చేరుతుంది. ప్రపంచ సాగరాల్లో సుమారు 4 వేల ఆర్గో ఫ్లోట్లు సంచరిస్తున్నాయి. ఇవి 2 వేల మీటర్ల లోతు నుంచి పైకి వస్తూ ఉష్ణోగ్రతను, లవణీయతను కొలుస్తాయి. పది రోజులకోసారి ఆ వివరాలను ఉపగ్రహం ద్వారా పంపుతాయి. పరికరం లోపంతో వచ్చిన తప్పుడు అంకెలను గుర్తించి వేరుచేయడం కేంద్రం చేసే పనుల్లో కీలకమైనది.

వేటకు దారి.. ముప్పుపై హెచ్చరిక

సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత, నీటిలోని పత్రహరితం ఆధారంగా చేపలు లభించే ప్రాంతాలను ఇన్‌కాయిస్ అంచనా వేస్తుంది. దీనివల్ల మత్స్యకారులకు వెతుకులాట తగ్గి, డీజిల్ ఆదా అవుతుంది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ సమయంలో హిందూ మహాసముద్రానికి హెచ్చరిక వ్యవస్థే లేదు. ఆ విషాదం తరువాత, 2007 అక్టోబరులో ఇన్‌కాయిస్‌లోనే సునామీ హెచ్చరిక కేంద్రం ప్రారంభమైంది. 1996 నవంబరు 6 నాటి పెనుతుపానులో వేటకు వెళ్లి తిరిగిరాని వారిని ఈ తీరం మరువలేదు. సకాలంలో అందే సమాచారం విలువేమిటో ఇక్కడివారికి వేరుగా చెప్పనక్కరలేదు.

గోదావరి ఒండ్రు ఏమైంది?

పాత లెక్కలు కొత్త నిజాలను వెలికితీస్తాయి. నదిలో నమోదైన కొలతలను ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యులు కాకాని నాగేశ్వరరావు బృందం పరిశీలించింది. 1970వ దశకంలో ఏటా సగటున సుమారు 15 కోట్ల టన్నులున్న ఒండ్రు, 2000-06 నాటికి 5.7 కోట్ల టన్నులకు పడిపోయినట్లు తేల్చింది. ఎగువ జలాశయాల్లో ఒండ్రు నిలిచిపోవడమే ఇందుకు ప్రధాన కారణం. నది తెచ్చే మట్టి తగ్గితే డెల్టా అంచును సముద్రం కోసుకుంటూ పోతుంది. ఏటేటా కొలతలు రాసిపెట్టకుంటే ఈ సంగతి బయటపడేదే కాదు.

చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 వరకు ఉపగ్రహ చిత్రాలను పోల్చి చూసింది. దేశ ప్రధాన భూభాగ తీరంలో దాదాపు మూడోవంతు కోతకు గురవుతున్నట్లు గుర్తించింది.

గోడ కట్టేముందు..

ఒకచోట గోడ కడితే ఇసుక కదలిక మారి, కోత పక్క గ్రామానికి జరిగే ప్రమాదం ఉంది. ఈ తీరంలో ఇసుక ఎక్కువగా ఉత్తరానికి కదులుతుంది. కాబట్టి ఉప్పాడను కాపాడే కట్టడం కోనపాపపేటకు ముప్పు కాకూడదు. అలల ఎత్తు, దిశ, సముద్రపు లోతు, తీరరేఖ మార్పులను కంప్యూటర్ నమూనాల్లో పరీక్షిస్తేనే ఇది ముందుగా తెలుస్తుంది. 2019 తీర నియంత్రణ మండలి నోటిఫికేషన్ కూడా తీరరేఖ మార్పు, సముద్రమట్టం పెరుగుదల ఆధారంగా గీసిన ప్రమాద రేఖను విపత్తు నిర్వహణ ప్రణాళికల్లో వాడాలని సూచించింది.

కొలతలు తమంతట తాము కోతను ఆపలేవు. అవి లేకుండా పోసే రాయి మాత్రం ప్రజాధనంతో సహా సముద్రం పాలవుతుంది.