తేనెపెట్టెలో వేరుకాపురాలు

చూడండర్రా పిల్లలూ, నిండు వేసవిలో ఒక తేనెపెట్టెలో నలభై యాభై వేల ఈగలుంటాయి. అయినా ఆ గుంపంతా ఒకే ప్రాణి అనుకుంటేనే దాని మర్మం అర్థమవుతుంది. రాణి రోజూ గుడ్లు పెడితే ఆ ప్రాణి ఎదుగుతుంది. దానికి సంతానం కలగాలంటే మాత్రం గుంపు రెండుగా విడిపోవాలి.

అమెరికా, యూరప్ పెరళ్ళలో వసంతం రాగానే పెట్టె కిక్కిరిసిపోతుంది. అప్పుడు కూలి ఈగలు కొత్త రాణి కోసం కిందికి వేలాడే పెద్ద గదులు కడతాయి. మన ఇళ్ళల్లో పెళ్ళయిన కూతురు పుట్టిల్లు విడుస్తుంది కదా! ఇక్కడ తల్లే నిండిన ఇల్లు కూతురికి ఒప్పజెప్పి, సగానికి పైగా ఈగల్ని వెంటబెట్టుకుని వెళ్ళిపోతుంది. ఆ గుంపు ఏ కొమ్మకో వేలాడుతుంటే, కొన్ని ఈగలు తొర్రలు వెతికి వచ్చి, దిక్కూ దూరమూ నాట్యం చేసి చెబుతాయి. ఇల్లు వెతికే ఈగలు ఇలా నాట్యం చేస్తాయని కనిపెట్టినవాడు జర్మనీకి చెందిన మార్టిన్ లిండావర్. 1949లో మ్యూనిక్‌లో మసి, ఇటుకపొడి అంటిన ఈగలు గుంపు మీద నాట్యమాడటం చూసి, అవి ఇల్లు వెతికి వస్తున్నాయని ఆయన గ్రహించాడు.

సంగతి తెలిసిన పెంపకందారు ఈగలు లేచిపోయేదాకా ఆగడు. రాణిని కొన్ని చట్రాలతో కొత్త పెట్టెలోకి మార్చి, పాతదాంట్లో లేత గుడ్లున్న చట్రాలు ఉంచుతాడు. రాణి లేదని ఈగలు గంటల్లోనే పసిగడతాయి. ఆ గుడ్ల నుంచి వచ్చిన మామూలు పురుగునే లేతగా ఉండగా ఎంచుకుని, చివరిదాకా రాయల్ జెల్లీ అనే ప్రత్యేక ఆహారం పెట్టి రాణిగా పెంచుకుంటాయి. ఆ రాణి గుడ్లు పెట్టడానికి దాదాపు నెల పడుతుంది. మధ్యలో కొన్నాళ్ళు పిల్లల గదులు ఖాళీ అవుతాయి, వాటిలో పెరిగి ఈగల్ని పీల్చే వర్రోవా అనే నల్లికి చోటుండదు. వేరుకాపురం వల్ల ఇదొక లాభం.

ఆ నల్లే అసలు శత్రువు. చలికాలం పోయాక పెట్టె ఖాళీగా కనిపిస్తే చలి చంపిందంటారు. తేనె నిల్వ ఉన్న బలమైన గుంపును చలి అంత తేలిగ్గా చంపలేదు. ఈగలు ముద్దగా చేరి, రెక్కల కండరాలు వణికించి వేడి పుట్టించుకుంటాయి. వేసవి ఈగ ఆయుష్షు ఆరు వారాలే. శీతాకాలపు ఈగ నెలల తరబడి బతకాలి. గదిలో ఉండగానే నల్లి దాన్ని పీల్చి వైరస్ అంటిస్తే అది వసంతం దాకా నిలవదు.

ఈ నల్లి పుట్టిల్లు ఆసియా. మన పుట్టతేనె ఈగల దగ్గర అది ముఖ్యంగా మగ ఈగల గదుల్లోనే పిల్లల్ని పెడుతుంది, అందుకే వాటికి పెద్ద ముప్పు లేదు. యూరప్ ఈగను మనిషి ఆసియాకు తెచ్చాడు. నల్లి దానికి ఎక్కి, 1987 నాటికి అమెరికా చేరింది. మనిషి తెచ్చిన కష్టాన్ని మనిషే తీర్చాలి. ఆగస్టులో అరకప్పు ఈగల్ని, అంటే సుమారు 300, పంచదార పొడిలో దొర్లించి రాలిన నల్లుల్ని లెక్కపెట్టండి. నూటికి రెండు మూడు దాటితే శీతాకాలపు ఈగలు పుట్టకముందే మందు వెయ్యండి. మంచు కురిశాక ఎంత ఆరాటపడినా లాభం లేదు.