లిబ్రేఆఫీస్: రిలీజ్‌కు ముందే వాడి చూస్తారా? తెలుగువాళ్లు ఎందుకు కావాలంటే..

లిబ్రేఆఫీస్‌ను ఫ్రీగా డౌన్‌లోడ్ చేసుకుని వాడేస్తుంటాం. మరి కొత్త వెర్షన్‌లో తప్పులను ముందే పట్టేదెవరు? చాలావరకు వాలంటీర్లే. ఏటా ఫిబ్రవరి, ఆగస్టుల్లో పెద్ద వెర్షన్ వస్తుంది. అంతకుముందే ఆల్ఫా, బీటా, రిలీజ్ క్యాండిడేట్ పేర్లతో టెస్ట్ బిల్డ్‌లు బయటికొస్తాయి. ఎవరైనా వాడి చూడొచ్చు. కోడింగ్ రానక్కర్లేదు.

ఒత్తు పక్కకు జరిగినా, పీడీఎఫ్‌లో గుణింతం విడిపోయినా.. తెలుగు చదవలేని డెవలపర్‌కు అది తప్పని తెలియదు. 2018 ఫిబ్రవరిలో ఏమైందో గుర్తుందిగా? ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌గా వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు క్రాష్ అయ్యాయి. యాపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. అది ఓపెన్ సోర్స్ యాప్ వ్యవహారం కాదు, నిజమే. కానీ కొన్ని భాషల్లో రాస్తేనే బయటపడే తప్పులు ఎలా ఉంటాయో అదే చూపించింది.

చాలామంది భయం ఒక్కటే.. ఉన్న ఫైళ్లు పోతాయేమోనని. బీటా బిల్డ్ ‘లిబ్రేఆఫీస్‌డెవ్’ పేరుతో పాత వెర్షన్ పక్కనే విడిగా ఇన్‌స్టాల్ అవుతుంది. అయినా ఒరిజినల్ ఫైల్ తెరవొద్దు, కాపీతోనే ట్రై చేయండి.

తప్పు కనిపిస్తే బగ్‌జిల్లాలో రాయాలి. ‘తెలుగు సరిగా రావట్లేదు’ అని వదిలేస్తే లాభం లేదు. ఏ బిల్డ్, ఏ ఫాంట్, ఏం టైప్ చేస్తే వచ్చింది, పాత వెర్షన్‌లో బాగానే ఉందా.. ఇవన్నీ కావాలి. చివరిది మరీ ముఖ్యం. పాతదాంట్లో బాగుంటే, ఏ మార్పుతో చెడిందో వెతికి పట్టుకోవచ్చు.

ఫైల్ జత చేసేటప్పుడు మాత్రం జాగ్రత్త. అక్కడ పెట్టింది ఎవరైనా చూడొచ్చు. ఆధార్, బ్యాంక్ వివరాలున్న డాక్యుమెంట్ పెట్టకండి. అదే తప్పు వచ్చేలా నాలుగు లైన్ల ఫైల్ చేసి పెడితే సరిపోతుంది.