పాత కంప్యూటరుకు తిరిగి ప్రాణము

బీరువా అడుగున ఏండ్ల తరబడి పడియున్న పాత కంప్యూటరు ఒకటి దొరికినదనుకొందము. దానిని వెంటనే విద్యుత్తుకు తగిలించి మీట నొక్కి చూడవలెనని ఎవరికైనను తోచును. అది పొరపాటు. నలువది ఏండ్ల యంత్రమునకు మొదట చేయవలసినది మీట నొక్కుట కాదు. మూత విప్పి పరీక్షించుట. ఏలయనగా ఇట్టి యంత్రములలో తరచుగ చెడునది గణనలు చేయు ప్రాసెసరు కాదు. కొద్ది రూపాయల వెలగల సామాన్య భాగములే ముందుగ చెడును. ఇది ఎరుగక మంచి యంత్రములను పాతసామానుల వానికి అమ్మివేయుట కలదు.

ఉదాహరణమునకు బి.బి.సి. మైక్రో అను కంప్యూటరును తీసికొందము. బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ ప్రజలకు కంప్యూటరు విద్య నేర్పుటకు ఒక కార్యక్రమము చేపట్టగా, దానికొరకు కేంబ్రిడ్జిలోని ఏకార్న్ సంస్థ 1981 డిసెంబరులో దీనిని వెలువరించెను. ఇందులోని 6502 అను ప్రాసెసరు 2 మెగాహెర్ట్జుల వేగముతో పనిచేయును. ‘బి’ నమూనాకు గల స్మృతి 32 కిలోబైట్లు మాత్రమే. ఈనాటి ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రమునకైనను అది చాలదు. అయినను ఈ యంత్రములు 15 లక్షలకు పైగా అమ్ముడుపోయినవి. మన దేశములో 1984-85లో ప్రారంభమైన ‘క్లాస్’ పథకము క్రింద పాఠశాలలకు వచ్చినవి కూడ ఇవియే. కనుక ఏ పాత ఉన్నత పాఠశాల సామాను గదిలోనైన ఒకటి కనబడినచో ఆశ్చర్యపడనక్కరలేదు.

పొగ ఎచటినుండి వచ్చును?

ఈ యంత్రమునకు విద్యుత్తు నందించు పెట్టె 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును 5 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగ మార్చును. ఈ మార్పులో పుట్టు అలజడి ఇంటి తీగలలోనికి పోయి రేడియోలకు చెరుపు చేయకుండ, లోపలికి వచ్చు తీగల మధ్య చిన్న కండెన్సరులు అమర్చబడినవి. పాఠ్యగ్రంథములలో కెపాసిటరు అని చెప్పబడునది ఇదియే. ఆనాడు వీనిని లోహపు పూత గల కాగితముతో చేసి పైన గట్టి రెసిను పోసెడివారు. కాలక్రమమున రెసిను పగుళ్లిచ్చును. పగుళ్లలోనుండి గాలిలోని తేమ చేరును. కాగితము దానిని పీల్చుకొనును.

దీని ఫలితమును లెక్కకట్టి చూడవచ్చును. 0.1 మైక్రోఫారడ్ కండెన్సరు గుండా 230 వోల్టులు, 50 హెర్ట్జుల వద్ద సుమారు 7 మిల్లీ ఆంపియర్ల ప్రవాహము పోవును. కండెన్సరు మంచిదైనచో అది ఒకమారు గ్రహించిన శక్తిని మరల తిరిగి ఇచ్చివేయును గనుక వేడి దాదాపు పుట్టదు. తేమ వలన దానిలో 5,000 ఓముల నిరోధము గల దారి ఏర్పడినదనుకొందము. అప్పుడు వ్యయమగు శక్తి 230 × 230 ÷ 5,000, అనగా సుమారు 10.6 వాట్లు. వ్రేలి కొసంత వస్తువులో ఇంత వేడి పుట్టినచో అది పగిలి, దుర్వాసనతో దట్టమైన పొగ వెలువడును. చూచువారు కంప్యూటరే కాలిపోయినదని భావింతురు. నిజమునకు చాలమారులు ప్రాసెసరుకు గాని, స్మృతికి గాని ఏ హానియు జరిగియుండదు.

ఇట్టి కండెన్సరును ముందే తీసివేసి, అదే విలువ గల ‘ఎక్స్-2’ తరగతి దానిని వేయవలెను. సామాన్యమైన కండెన్సరు పనికిరాదు. చెడిపోయినను మంట పుట్టకుండ ఉండునట్లు చేయబడినదే ఈ తరగతి. అయితే ఈ పెట్టెలో మరియొక పెద్ద కండెన్సరు కలదు. దానిలో సుమారు 325 వోల్టుల ఏకముఖ విద్యుత్తు చేరును. తీగ ఊడదీసిన తరువాతను అది కొంతకాలము నిలిచియుండవచ్చును. కనుక ఈ పెట్టెను విద్యార్థులు ఎన్నడును విప్పరాదు. అనుభవము గల ఎలక్ట్రానిక్సు పనివానిచేతనే ఈ పని చేయించవలెను.

తరువాతి మెట్లు

అల్యూమినియము రేకులతో చేసిన కండెన్సరులలోని ద్రవము రబ్బరు బిరడా గుండా మెల్లగ ఎండిపోవును. అప్పుడు విద్యుత్తు నిలకడ తప్పును. అందుచేత పెట్టెను ప్రధాన ఫలకమునకు కలుపుటకు ముందు, తగిన భారముతో దాని వోల్టేజిని మల్టీమీటరుతో కొలువవలెను. 4.75 – 5.25 వోల్టుల మధ్య ఉన్నచో మంచిది. అంతకు మించినచో చిప్పులకు అపాయము.

పిమ్మట కొన్ని చిప్పుల వంతు. సాకెట్లలో గుచ్చబడిన చిప్పుల కాళ్లకు చిలుము పట్టియుండును. వానిని మెల్లగ ఊడదీసి, శుభ్రపరచి, తిరిగి గుచ్చినంత మాత్రముననే పలు యంత్రములు మేల్కొనును. అంతయు సరిగ నున్నచో మీట నొక్కగనే రెండు స్వరముల ధ్వని వినబడి తెరపై అక్షరములు కనబడును. ధ్వని ఆగక ఒకే స్వరముగ సాగినచో ప్రాసెసరు తన పని ప్రారంభింపలేదని అర్థము.

యంత్రము మేల్కొన్న తరువాత మొదటి కర్తవ్యము ఫ్లాపీలలోని విషయములకు నకళ్లు తీయుట. ఒకనాటి ఉపాధ్యాయులు, విద్యార్థులు వ్రాసిన ప్రోగ్రాములు ఆ ఒక్క ఫ్లాపీలో తప్ప మరెచటను ఉండకపోవచ్చును. యంత్రము పోయినచో మరియొకటి దొరకవచ్చును. అవి పోయినచో దొరకవు. బూజు పట్టిన ఫ్లాపీని మాత్రము శుభ్రపరచక తిప్పరాదు. అయస్కాంతపు పొర గీచుకొని పోవును.

మార్పులు చేయు విధము

మార్పులకు ఒక నియమము కలదు: చేసిన ప్రతి మార్పును తిరిగి తీసివేయుటకు వీలుండవలెను. బి.బి.సి. మైక్రోలో ఇది సులభము. అడుగుభాగమున నున్న యూజర్ పోర్టుకు చిన్న మెమరీ కార్డును తగిలించి, దానిని నడుపు ప్రోగ్రాము గల చిప్పును ఖాళీ సాకెట్టులో గుచ్చినచో, ఫ్లాపీ లేకయే వందలాది ప్రోగ్రాములు వాడుకొనవచ్చును. ఒక్క తీగయైనను కోయనక్కరలేదు.

రెండవ ప్రాసెసరును చేర్చుటకు ‘ట్యూబ్’ అను మరియొక ద్వారము గలదు. ఏకార్న్ సంస్థవారు తాము రూపొందించిన మొదటి ఆర్మ్ ప్రాసెసరును 1985 ఏప్రిలులో బి.బి.సి. మైక్రోకు తగిలించియే పరీక్షించిరి. నేటి ఫోనులలోని ప్రాసెసరులు ఆ వంశమునకు చెందినవే. ఇప్పుడు రాస్ప్‌బెర్రీ పై అను చిన్న కంప్యూటరును ఇదే ద్వారమునకు తగిలించి రెండవ ప్రాసెసరుగ వాడుచున్నారు. అందులోనిదియు ఆర్మ్ ప్రాసెసరే.

ఈనాటి ఫోనును విప్పి ఏ భాగము ఏమి చేయునో పిల్లలకు చూపుట కష్టము. ఈ పాత ఫలకముపై ప్రాసెసరును, స్మృతిని, గడియారపు స్ఫటికమును విడివిడిగ వ్రేలితో చూపవచ్చును. సామాను గదిలోని యంత్రమును పారవేయుటకు ముందు పాఠశాలలు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను; మీట నొక్కుటకు ముందు మూత విప్పవలెనని కూడ గుర్తుంచుకొనవలెను.