న్యోన్యా వంటయిల్లు

అత్తగారి చేతి పులుసు రుచి ఆమెతోనే పోయినదని నొచ్చుకొనని ఇల్లాలు మనలో అరుదు. సముద్రమున కావల ఒక సంఘమువారికి ఈ చింత ఒక ఇంటిది గాక అందరిది అయినది. వారి వృత్తాంతమును సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

నేటి మలేషియా దేశపు పడమటి తీరమున మలక్కా రేవు కలదు. కొన్ని శతాబ్దములకు పూర్వము చీనా వర్తకులు ఋతుపవనముల ననుసరించి ఓడలపై వచ్చి అచ్చట నిలిచిరి. చీనా స్త్రీలు సముద్రయానము చేయుట ఆ కాలమున అరుదు గనుక, వారు స్థానిక స్త్రీలను పెండ్లాడిరి. వారి సంతతికి పెరనాకనులని పేరు. మలయు భాషలో ‘అనక్’ అనగా బిడ్డ. ఆ నేలను పుట్టినవారని భావము. పురుషులు బాబాలు, స్త్రీలు న్యోన్యాలు. 1826 లో ఆంగ్లేయులు పెనాంగు, మలక్కా, సింగపూరులను ఒక్క పాలన క్రిందికి తెచ్చిన పిదప వీరు ఆ మూడు పట్టణములందును వర్ధిల్లిరి. మలక్కాలో తమిళ వర్తకుల సంతతివారైన చిట్టీలును ఇట్టివారే; ఇంట మలయు భాష పలుకుచు హిందూ దేవతలను కొలుతురు.

తండ్రి పితృపూజను తెచ్చెను. తల్లి తన భాషను, కట్టును తెచ్చెను. ఈ రెండును వంటయింట కలిసినవి. మలయులు ముసల్మానులగుటచే పందిమాంసము ముట్టరు. న్యోన్యా దానిని విడువక, చీనావారి పులియబెట్టిన సోయా గింజలతో వండును. కాని ఆమె కూరలకు ప్రాణము ‘రెంపా’. నిమ్మగడ్డి, దుంపరాష్ట్రము, పసుపుకొమ్ము, చిన్న ఉల్లిపాయలు, ఎండుమిరపకాయలు, పులియబెట్టిన రొయ్యల ముద్ద, వీనిని రోట మెత్తగా దంచిన నూరుడే రెంపా. కోడలిని వెదకు పెద్దలు రోటి చప్పుడు విని పిల్ల నేర్పును గ్రహించెడివారని చెప్పుదురు. ఊరిని బట్టి రుచియు మారును. లక్సా యను సేమియా పులుసు పెనాంగులో చేపలతో, చింతపండుతో పుల్లగా నుండును. మలక్కా, సింగపూరులందు కొబ్బరిపాలతో కమ్మగా నుండును.

వీరి వంటలలో మకుటాయమానమైనది బువా కెలువాక్ అను నల్లని గింజతో వండిన కోడికూర. ఈ గింజ పచ్చిగా నున్నప్పుడు ఘోరమైన విషము. దానిని ఉడికించి, బూడిదలోను మట్టిలోను దాదాపు నలువది దినములు పాతిపెట్టుదురు. పిమ్మట ఇల్లాలు దినదినము నీరు మార్చుచు నానబెట్టి, పెంకుకు రంధ్రము చేసి, లోని గుజ్జు తీసి, మసాలాతో దంచి మరల పెంకులో కూరి, చింతపండు పులుసులో కోడితో ఉడికించును. ఎవరో ఒక తల్లి విషమును విందుగా మార్చు ఉపాయమును కనుగొని కూతురికి నేర్పెను. ఆ నేర్పు పరంపరగా వచ్చినది.

అయితే దీనికి వ్రాత లేదు. ‘అగక్ అగక్’ అని వారందురు, అనగా ఉజ్జాయింపు. మన ఇండ్లలో ‘ఉప్పు తగినంత’ అనుట వంటిదే. కుటుంబములు తమ పాకమును పొరుగువారికి తెలియనీయక దాచుకొనెడివి. 1942 నుండి 1945 వరకు సాగిన జపాను ఆక్రమణమున పెక్కు కుటుంబముల ఐశ్వర్యము హరించినది. పెద్ద సంసారములు విడిపోయినవి. బాలికలు చదువులకును, ఉద్యోగములకును పోయిరి. అది కోరదగిన మార్పే. కాని రోటి యొద్ద కూర్చుండి నేర్చు తీరిక లేకపోయెను.

అప్పుడు కొందరు స్త్రీలు కలము పట్టిరి. సింగపూరు తొలి ప్రధానమంత్రి లీ క్వాన్ యూ మాతృమూర్తి శ్రీమతి లీ చిన్ కూన్ గారు తమ న్యోన్యా వంటలను గ్రంథముగా 1974 లో ప్రకటించిరి. దాచుకొన్నది నిలువదనియు, పంచుకొన్నదే నిలుచుననియు అట్టి గ్రంథములు తెలుపుచున్నవి. 2008 లో సింగపూరున పెరనాకనుల వస్తుప్రదర్శనశాల వెలసినది. అందు పింగాణి పళ్లెములను, పూసల పాదరక్షలను చూడవచ్చును. కాని రుచిని అద్దాల బీరువాలో నుంచుట ఎవరి తరము? అది పొయ్యి మీదనే బ్రతుకవలెను.

కావున సోదరీమణులారా, మన ఇంటి పెద్దలు వండునప్పుడు ప్రక్కన కూర్చుండి, ఆ ‘తగినంత’ ఎంతయో గరిటెతో కొలిచి వ్రాసికొందము. వ్రాసినదానిని నెలకొకసారియైనను వండి, బిడ్డలకు, వారు ఆడపిల్లలైనను మగపిల్లలైనను, నేర్పుదము.