కారు కంప్యూటర్ పోయిందన్నారా? కాస్త ఆగండి!

వంటల పేజీల మధ్య ఈ కారు గోల ఏమిటా అని నవ్వుకోకండి. పోయిన నెల నా చేతి గాజులు తాకట్టు అంగడి గడప దాకా వెళ్ళి వచ్చాయి. అందుకే రాస్తున్నాను.

మాది జమ్మలమడుగు. కారు పాతది, 17 ఏళ్ళయింది. పెళ్ళి బట్టలకని ప్రొద్దుటూరు వెళ్ళాం. తిరుగు ప్రయాణంలో సెల్ఫ్ తిరుగుతుంది గానీ ఇంజన్ అందుకోదు. మెకానిక్ స్కానర్ తగిలించి, "కంప్యూటర్ పలకడం లేదమ్మా, పోయింది. 18,000 అవుతుంది" అన్నాడు. మా ఆయన మొహం చూసి నేనే గాజులు తీశాను. ప్రొద్దుటూరులో బంగారం అంగళ్ళకేం కొదవ!

కారులో కంప్యూటర్ ఏమిటంటారా? వెనకటి కార్లలో కార్బురేటర్ ఉండేది. 2000 ఏప్రిల్ నుంచి దేశమంతటా పొగ నిబంధనలు బిగుస్తూ వచ్చాక దాని చోటులోకి ఈ పెట్టె వచ్చింది. నూనె కాగిందో లేదో చూసి మనం ఆవాలు వేస్తామా లేదా? అట్లాగే గాలి ఎంత, వేడి ఎంత అని సెన్సర్లు చెబితే, పెట్రోలు ఎంత చిమ్మాలో, నిప్పురవ్వ ఎప్పుడివ్వాలో ఇది తేలుస్తుంది. ఈసీఎమ్ అనీ, ఈసీయూ అనీ అంటారు.

అంగడి ముందు నిలబడే పులివెందులలోని మా చెల్లెలికి ఫోన్ చేశాను. వాళ్ళ కారుకు నిరుడు నిజంగానే ఇది కాలిపోయింది లెండి. బ్యాటరీ దిగిపోతే పక్క కారు నుంచి వైర్లు తగిలిస్తూ ప్లస్సు, మైనస్సు తారుమారు చేశారు. "అక్కా, ముందు దానికి కరెంటు అందుతోందో లేదో చూడమను. బోరుకు కరెంటు లేకపోతే మోటారు మార్చేస్తామా?" అంది.

వేరే ఎలక్ట్రీషియన్ను పిలిచాం. ఫ్యూజులు, రిలే చూసి, కంప్యూటర్ ఎర్త్ వైరు దగ్గర ఆగాడు. బోల్టు నిండా తుప్పు! గరుకు కాగితంతో రుద్ది బిగించేసరికి బండి స్టార్టయింది. 300 తీసుకున్నాడు.

నిజంగా మార్చాల్సి వస్తే మా చెల్లెలి అనుభవం వినండి. అదే మోడల్ కారు నుంచి తీసిన పాత పెట్టె తెచ్చి పెట్టిస్తే బండి కదల్లేదు, పెట్టె మీది నంబరు వేరట. నంబరు ఒక్క అక్షరం తేడా లేకుండా కలవాలి. అది కలిసిన పెట్టె తెచ్చినా తాళంచెవి మొరాయించింది! తాళంలో చిప్ ఉన్న కార్లలో దాని కోడ్‌ను కొత్త పెట్టెకు ఎక్కించాలి. ఇంట్లో ఉన్న తాళాలన్నీ తీసుకెళ్ళండి. పెట్టె విప్పే ముందు బ్యాటరీ మైనస్ వైరు తీయించండి, కారుకు వెల్డింగ్ చేయించినా అంతే. పాత పెట్టెను అక్కడే వదిలేయకండి, కొన్నిసార్లు లోపలి బోర్డు బాగుచేసేవాళ్ళు దొరుకుతారు.

ఇంకొక్కమాట. కొన్ని కార్లలో ఈ పెట్టె డ్యాష్‌బోర్డు కిందే ఉంటుంది. ఏసీ నీళ్ళు పోయే గొట్టం పూడుకుంటే తడి అటే చేరుతుంది. ముందు సీటు దగ్గర కార్పెట్ చేతికి తడిగా తగిలితే ఆ రోజే చూపించండి.